సిక్స్-బి గ్రూపులో నా గొంతు

భాను స్నానానికి వెళ్ళినప్పుడు దాని ఫోను మోగింది. ఒకసారి కాదు, ఆగకుండా.

మా అమ్మాయి భానుశ్రీ ఘాజియాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతికి ఇంగ్లీషూ, సోషలూ చెబుతుంది. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఈ వారమే తేలుస్తామన్నారు.

సమానత్వం పాఠం చెప్పి, మీ ఇంట్లో పనిచేసే మనిషి గురించి ఇంగ్లీషులో రాసుకురమ్మందట. పేరేమిటి, ఊరేది, ఏం తింటుంది. ఒక పిల్ల ఇంటికెళ్ళి, పనామెకు వేరే కప్పెందుకని తల్లిని నిలదీసింది. ఆ తల్లి పేరు నేహా. హిందీ చదవడం నాకు రాదు గానీ వింటే తెలుస్తుంది. ఫోను తెరిచి నొక్కితే, వాయిస్ మెసేజ్‌లో ఆవిడ గొంతు ఖంగున మోగింది.

"మేడమ్, పాఠం చెప్తున్నారా, నేతాగిరీ చేస్తున్నారా?"

అయిపోయింది, ఉద్యోగం పోయింది అనుకున్నాను. రేపు మా ఆయన ఆఫీసులోనూ తెలుస్తుంది. ఎల్లుండి ఏ పోలీసులో వస్తారు. మైకు బొమ్మ నొక్కాను.

"మాఫ్ కీజియే బెహన్‌జీ. బచ్చీ సే గలతీ హో గయీ."

క్షమించండి, మా పిల్ల వల్ల తప్పు జరిగిపోయిందని. అది నేహా ఒక్కదానికే వెళుతుందనుకున్నాను.

భాను తల తుడుచుకుంటూ వచ్చి విన్నది.

"ఏం చేశావమ్మా?"

"గొడవ పెద్దది కాకుండా సర్దానే."

"సిక్స్-బి తల్లిదండ్రులందరూ ఉండే గ్రూపిది. నేను తప్పు చేశానని అందరికీ చెప్పావు."

అరవలేదు. అరిచినా బాగుండేది. దాన్ని చెరిపేసేలోపే ప్రిన్సిపల్ నుంచి కబురొచ్చింది, వెంటనే రమ్మని. వద్దంటున్నా ఆటోలో దాని పక్కన కూర్చున్నాను.

గదిలో ప్రిన్సిపల్ చౌధరీ మేడమ్ ఎదురుగా నేహా అప్పటికే ఉంది.

"మీ తరఫున మాఫీ వచ్చేసింది కదా," అంది మేడమ్ హిందీలో. "అదే కాగితం మీద పెట్టండి. మామ్లా ఖతమ్, గొడవ తీరిపోతుంది."

"పెట్టను మేడమ్," అంది భాను.

"అయితే సోమవారం నుంచి రానక్కర్లేదు."

"ఆ గొంతు నాది మేడమ్," అన్నాను. "దీనికి తెలియదు. నేను ఆటోవాడికీ మాఫ్ కీజియే అంటాను, గ్యాసువాడికీ అంటాను. నా మాఫీని లెక్కలోకి తీసుకోకండి."

మేడమ్ మూతి మీద చిన్న నవ్వు వచ్చి పోయింది. "సరే మాతాజీ. మీరే చెప్పండి. మీ అమ్మాయి చెప్పింది తప్పా?"

నేహా నా వైపే చూస్తోంది. తప్పంటే ఉద్యోగం నిలుస్తుందేమో. భాను మాత్రం నా వంక చూడలేదు.

"కాదు," అన్నాను. మళ్ళీ అన్నాను. "తప్పు కాదు మేడమ్."

నేహా లేచింది. "అయితే మా పాప సెక్షన్ మార్చండి."

మేడమ్ రిజిస్టరు ముందుకు లాక్కుంది. "ఠీక్ హై, మారుస్తాను. అప్పుడిక ఫిర్యాదు లేనట్టే. భానుశ్రీ, మీరు క్లాసుకు వెళ్ళండి. సోమవారం కూడా రండి."

వరండాలోకి వచ్చాం. "గండం గడిచిందే తల్లీ," అని దాని చెయ్యి పట్టుకున్నాను.

భాను విడిపించుకోలేదు గానీ మొహం తిప్పుకుంది.

"క్లాసు మొత్తంలో ఆ పిల్ల ఒక్కతే అమ్మా, ఇంటికెళ్ళి అడిగింది. ఇప్పుడు దాన్నే తీసేస్తున్నారు."