ఏకాదశి నాడు విప్పిన పొది

1941 తొలి ఏకాదశి. ఆ పొద్దున మునిశామప్ప తిన్నది పిడికెడు పేలపిండి, బెల్లం కలిపింది. భార్య ఉన్నప్పుడు అందులో యాలకులు పడేవి. చేయి కడుక్కొని, అలవాటుగా మంగలి పొది కోసం చూరు వైపు చేయి చాచి, మళ్ళీ దించుకున్నాడు. ఏకాదశి నాడు బాగేపల్లిలో ఎవరూ క్షౌరం చేయించుకోరు. తండ్రి కాలం నుంచీ ఆ రోజు పొది విప్పింది లేదు.

ఖాళీ చేతులతోనే వెంకటరమణప్ప ఇంటికి నడిచాడు.

వెంకటరమణప్ప తమ్ముణ్ణి నిరుడు కాలువ నీళ్ళ తగాదాలో మిట్టేమరి ఊరివాడు నరసింహప్ప పారతో కొట్టి చంపాడు. బెంగుళూరు కోర్టు ఉరిశిక్ష వేసింది. చచ్చినవాడి అన్నే ఉరి వద్దని తాలూకా అధికారి అమలుదారు ముందు చెబితే మహారాజు మనసు కరగవచ్చునని సంతలో ఎవరో అన్నారు. అది విన్నప్పటి నుంచి మునిశామప్పకు నిద్ర సరిగా లేదు.

"ఏకాదశి నాడు నా గడ్డం మీద పడితే పాపం నీకేరా, మునిశామీ!" అరుగు మీద వెంకటరమణప్ప నవ్వాడు.

"పొది తేలేదప్పా. ఒక మాట అడగాలని వచ్చినా."

అమలుదారు దగ్గరికి రమ్మన్న ఆ మాట విన్నాక ఆయన నవ్వు పోయింది.

"వాడు నీకేమన్నా చుట్టమా?"

"కాదప్పా."

"మరి నీకేమి నొప్పి?"

మునిశామప్ప తన చేతులు చూసుకున్నాడు. తీర్పు రాకముందు ఠాణాలో నరసింహప్పకు నెలల తరబడి గడ్డం గీసిన చేతులు. కత్తి దగ్గరికి రాగానే అతను తనంతట తానే గొంతు ఎత్తి కళ్ళు మూసుకునేవాడు, అందరిలాగే.

"మీ తమ్ముడు పోయినపుడు వాని కొడుక్కి గుండు గీసింది నేనే కదప్పా. తల నా చేతిలో వణికింది. అట్లాంటిది ఇంకోటి పట్టుకోలేనప్పా. న్యాయం గీయం నాకు తెలీదు."

వెంకటరమణప్ప లేచి భుజం మీది తువ్వాలు దులిపాడు. తలుపు వెనక నుంచి తమ్ముడి భార్య రామలక్ష్మమ్మ గొంతు వినిపించింది.

"పోయి చెప్పిరా బావా. ఆ ఇంట్లోనూ ఒక ఆడది ఉండాది."

"సరేమ్మా," అన్నాడు ఆయన చివరికి. "ఈ పొద్దు పండగ. పండగపూట ఎవరినీ ఉరి తీయరులే. రేపు పోదాం, మునిశామీ."

ఆ పగలంతా మునిశామప్ప కట్టెలు చీల్చాడు, చొక్కా ఉతుక్కున్నాడు.

పొద్దు వాలేవేళ చిక్కబళ్ళాపురం బస్సు దిగి ఒక మనిషి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నరసింహప్ప పెద్దకొడుకు ఆంజనేయప్ప. తలకు తండ్రి తలపాగా.

"తెల్లారకముందే అయిపోయిందంట. జైలు కాడనే కాల్చేసినారు. ఇది నా చేతికిచ్చినారు," అన్నాడు తలపాగా తాకి. "ఏకాదశని తెలుసప్పా. గుండు లేకుండా అమ్మకు యాడ కనపడేది?"

మునిశామప్ప రేపటి మాట చెప్పలేదు. పొయ్యి రాజేసి నీళ్ళు వెచ్చబెట్టాడు. గుండుకు ఎవరూ వేడినీళ్ళు వాడరు. చూరులోంచి పొది తీసి విప్పాడు. ఆంజనేయప్ప తలపాగా తీసి బల్ల మీద పెట్టాడు. కత్తి కింద తల వణికింది. గీయడం అయిపోయాక కూడా ఎడమ అరచేతిని కాసేపు దాని మీదే ఉంచాడు.

"పోయొస్తానప్పా."

"మెల్లిగా పో నాయనా. దోవలో రాళ్ళుండాయి."

ఆంజనేయప్ప ఉత్త తలతో మిట్టేమరి దారి పట్టాడు. అడుగుల చప్పుడు ఆగేదాకా నిలబడి, మునిశామప్ప చప్పుడు కాకుండా తలుపు మూసి గడియ పెట్టాడు. బల్ల మీద తలపాగా ఉండిపోయింది, చుట్ల నడుమ ఒక తల పట్టేంత గుంతతో.