నేను దులిపేసిన గుహ

బూజు కనబడితే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఇంట్లోనూ అంతే, మాదాపూర్‌లోని ఆఫీసులోనూ అంతే. లేజర్‌తో కొలిచిన చోట్లను కళ్ళను పూర్తిగా కప్పే హెడ్‌సెట్‌లో నడిచి చూసేలా తయారుచేయడం మా పని. చుక్కలుగా వచ్చే ఆ కొలతల్లో లేజర్ పొరపాటున పట్టిన, గాలిలో తేలే పిచ్చి చుక్కలు బోలెడుంటాయి. వాటిని ఏరి పారేయడంలో రసజ్ఞ తర్వాతే ఎవరైనా అని నాకు పేరు.

ఈసారి వచ్చింది ఒక జాతీయ పార్కులోని సున్నపురాయి గుహ. కొలిచిన నెలకే దాని లోపలి గది కూలిపోయింది. ఇక ఆ గదిని చూడాలంటే మా దగ్గరే. అందుకే అక్కడ ముప్ఫై ఏళ్ళు జనానికి దారి చూపిన తిమ్మప్ప తాత, ఒక్కసారి చూసుకుని పోతానని రెండు బస్సులు మారి వచ్చాడు.

తాతకు హెడ్‌సెట్ పెట్టాను. తాత కార్పెట్ మీద రెండడుగులు వేసి తలెత్తాడు.

"ఇది ఎవురిల్లు పాపా?"

"అదేంటి తాతా, మీ గుహే!"

"కాదు. పైన రాతి గొట్టాలు యాడ పోయినాయి? గడ్డిపోచంత సన్నంగా, వేలకు వేలు. నీళ్ళు కారి కారి, ఒగోటి దిగేదానికి వందల ఏండ్లు పట్టింటాది."

ఆ సన్నటి గీతలన్నీ పిచ్చి చుక్కలనుకుని నేనే దులిపేశాను! ఛీ, నా తొందర తగలెయ్య! అంత దూరం నుంచి వచ్చిన మనిషికి బోడి కప్పు చూపించాను. ఏడుపొచ్చేసింది.

పక్క సీటు మెర్సీ నవ్వింది. "ఏందే, గంత పరేషాన్ అయితున్నవ్? నువ్వు పారేసేదంత నేను వేరే ఫైల్ల దాస్త. నీ తుడుసుడు నాకు తెల్వదా?"

ఆ ఫైలు తాత హెడ్‌సెట్‌లో తెరిచాం. నేల లేదు, గోడల్లేవు. నల్లటి ఖాళీలో తెల్లటి గొట్టాలు మాత్రమే, దేన్నీ పట్టుకోకుండా వేలాడుతున్నాయి. గోడలు కలుపుదామని మౌస్ అందుకున్నాను.

"ఉండనీ పాపా" అన్నాడు తాత.

ఒక్కటీ తగలకుండా భుజాలు వంచుకుంటూ, వాటి కింద మెల్లగా నడిచాడు. మేం కుర్చీలు పక్కకు లాగి దారిచ్చాం. అద్దాల బయట ఫ్లైఓవర్, కార్లు, ఎండ అన్నీ ఎక్కడో దూరంగా ఉన్నట్టనిపించాయి. ఎంతసేపు నడిచాడో ఎవరూ గడియారం చూడలేదు.

చివరికి ఆగి, నేను ఎటువైపున్నానో తెలియక ఖాళీ గోడకేసి తిరిగి అడిగాడు.

"మల్లా తుడిచెయ్యవు గదా పాపా?"

తల అడ్డంగా ఊపాను. ఆయనకు కనబడదని అప్పుడు తట్టింది.

"తుడవను తాతా" అని గట్టిగా చెప్పాను.