పొగ కడిగిన నీళ్లు

ఓడల మరమ్మతు షెడ్డులో అతన్ని అందరూ పైపుల మేస్త్రీ అనేవారు. రేవులో సరుకు దించే పెద్ద ఓడ పొగను గొట్టంలోనే సముద్రపు నీటితో కడిగేసే యంత్రాన్ని బిగించింది అతనే. అది నడవడం మొదలయ్యాక రేవు పక్క ఇళ్లవాళ్లు కిటికీలు తెరిచారు. ఆరేసిన బట్టల మీద మసి పడటం లేదు. ఏళ్ల తరబడి ఆయాసంతో కూర్చునే కునికిన అతని తల్లి, నడుం వాల్చి నిద్రపోయింది. మేస్త్రీకి కాళ్లు నేల మీద ఆనలేదు.

అతని తమ్ముడు నీళ్లలో వలల పంజరాలు కట్టి చేపలు పెంచేవాడు. మసికి భయపడి రేవుకు దూరంగా కట్టుకున్నాడు. అక్కడ గాలి లేస్తే చాలు, పంజరాలు తెగిపోయేవి.

"ఇంకా అక్కడెందుకురా? మా ఓడ పక్కకి తెచ్చుకో. గట్టు అడ్డం ఉంది, అలలుండవు. మసి కూడా రాదిప్పుడు."

"నిజంగానా అన్నయ్యా?"

"బిగించినవాణ్ణి నేను చెప్తుంటే!"

అన్న మాట తమ్ముడికి వేదవాక్కు. పంజరాలన్నీ లాక్కొచ్చి ఓడను ఆనించినట్టే కట్టాడు. సరుకు దించినన్నాళ్లూ ఓడ ఇంజను ఆగలేదు. ఒక ఉదయం చూస్తే చేపలన్నీ వెల్లకిలా తేలాయి.

తమ్ముడు అన్నను రెక్క పట్టుకుని గట్టు మీదికి లాక్కొచ్చాడు. ఓడ పక్కన పైపులోంచి నల్లటి నీళ్లు పంజరాల్లోకి పడుతున్నాయి.

"ఏంటవి?"

"పొగ కడిగిన నీళ్లు."

"ఆ పైపు పెట్టిందెవరు?"

"నేనే."

"మరి నన్ను రమ్మన్నప్పుడు గుర్తు రాలేదా?"

రాలేదు. వెల్డింగు పెట్టిన రోజు అతుకు కారుతోందా అని పదిసార్లు తడిమి చూశాడు. నీళ్లు ఎక్కడికి పోతాయో ఒక్కసారీ చూడలేదు. మన ఇల్లు ఊడ్చి పక్కింటి గుమ్మంలో పోసే బుద్ధి మనిషిని వదిలితేగా! దానికి అంత పెద్ద యంత్రం, పైగా చప్పట్లు.

తమ్ముడు పడవలోకి దిగి చచ్చిన చేపల్ని వలతో ఎత్తసాగాడు. అవే అతని బతుకు. మేస్త్రీ సిగ్గుతో చచ్చిపోతూ వల రెండో కొస అందుకోబోయాడు. తమ్ముడు ఇవ్వలేదు.

"ఆ యంత్రం తీసేయించమని అననులే. అమ్మకి ఊపిరాడాలి కదా," అన్నాడు, తలెత్తకుండానే. "నువ్వు మాత్రం ఇంకెప్పుడూ నా మంచి కోరకు అన్నయ్యా."