పసుపు జట్టుకు పట్టిన ఎరుపు

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే మా లాండ్రీలో ఆడవాళ్ళ హాకీ జట్టుంది. ఆదివారం మ్యాచ్‌కి పదిమంది ఖాయమయ్యారు. పదకొండో చోటు నాదా, మా అన్నయ్య పెళ్ళాం మా వదినదా అన్నది ఆ సాయంత్రమే తేలాలి.

కోచ్ మేడం చెప్పిన ఆట వినడానికి తేలికే. ఎరుపు, పసుపు, నీలం బనీన్లతో మూడు జట్లు. రెండు జట్లు కలిసి బంతి అందించుకుంటాయి, మూడోది లాక్కుంటుంది. బంతి పోగొట్టిన రంగువాళ్ళు ఆ క్షణమే తిరిగి, లాక్కోవడానికి వెంటపడాలి. ఆలస్యమైతే చివరి గీత దాకా పరుగు.

చిక్కల్లా బనీన్లతోనే. పసుపువి ఎరుపెక్కాయి, ఎరుపువి వెలిశాయి. రెండూ బొప్పాయి ముక్కల్లా ఒకటే రంగు.

"నువ్వు మా జట్టేనా?" పసుపులో ఉన్న వదిన ఇస్త్రీ ఆవిడని అడిగింది.

"నాకే తెలిస్తే ఇలా నిలబడతానా?"

ఎరుపువాళ్ళు బంతి పోగొట్టారు. వదిన వెంటపడింది.

"నువ్వెందుకమ్మా? నీది పసుపు" అంది మేడం.

మళ్ళీసారి పసుపువాళ్ళే పోగొట్టారు. వదిన కదల్లేదు.

"ఇప్పుడేమైంది? గీత దాకా."

అలా ఐదుసార్లు పరుగెత్తింది. నాది నీలం. ఎదుటివాళ్ళలో ఎవరెవరో నాకూ అంతుపట్టలేదు గానీ, నేనెవరో నాకు తెలుసు. బంతి పోగానే గిర్రున తిరిగాను. మేడం నా వైపు మెచ్చుకోలుగా చూసి కాగితం తీసింది.

నోరు మూసుకుంటే చోటు నాది. వదిన నడుం పట్టుకుని ఆయాసపడుతోంది. ఏం చెయ్యాలో తోచలేదు. నోరు మాత్రం దానంతటదే తెరుచుకుంది.

"మేడం, అవి ఉతికింది నేనండీ. ఎరుపూ పసుపూ కలిపి మరిగే నీళ్ళలో వేశాను. నీలంవి మెషీన్లో పట్టలేదు."

"కలిపి ఎవరైనా వేస్తారా?"

"మేం ఉతికేవన్నీ తెల్లవేనండీ. రంగు దిగుతుందని తట్టలేదు."

మేడం కాసేపు నుదురు రుద్దుకుంది. "ఇద్దరూ బనీన్లు మార్చుకోండి. మొదట్నించి."

నీలం తొడుక్కున్న వదిన లేడిపిల్లయింది. బంతి పోయిన ప్రతిసారీ నేను మాత్రం కిందకి చూసుకున్నాను. నా చేత్తో ఉతికిన బనీనే, పసుపని విన్నా, చూస్తే ఏ రంగుదో నాకే తెలీలేదు. ఆరుసార్లు గీత దాకా పరుగెత్తాను.

మేడం కాగితం మీద వదిన పేరు రాసింది.

"నాకు చెప్పొచ్చుగదే ముందే" అంది వదిన, నీళ్ళ సీసా నా చేతిలో పెడుతూ.

"చెప్తే నువ్వేం చేసేదానివి?"

వదిన ఆలోచించింది. "ఏమో. నాకూ తెలీదు."