బిషప్ బంగళా గోడలో గాలి

రేపల్లెలోని పాత బిషప్ బంగళాను కూల్చవచ్చునని లిఖితపూర్వకంగా ధ్రువీకరించినది నేనే. విశ్రాంత ఎగ్జిక్యూటివ్ ఇంజనీరునని సంఘ పెద్దలు నా అభిప్రాయం కోరారు. హాలు గోడను చేతికర్రతో తట్టాను. డొల్ల శబ్దం వచ్చింది. లోపలి ఇటుక చివికినదని, భవనం నివాసయోగ్యం కాదని ఆంగ్లంలో మూడు పుటల నివేదిక సమర్పించాను. ముప్పై అయిదేళ్ల ఉద్యోగంలో నా నివేదికను తిరగరాయమన్నవారు లేరు.

ఆనాడే బంగళా కావలి మనిషి ఫ్లోరెన్సు నా వెనుక నిలబడి, "చివకలేదండి. ఆ గోడలో గాలి తిరుగుద్దండి. ఎండాకాలం వీపు ఆనించి చూడండి," అన్నది.

"గోడకు ఊపిరి కూడా ఉందా ఏంటమ్మా?" అన్నాను. పెద్దలు నవ్వారు.

కూల్చివేత మొదలైన శుక్రవారం తెనాలి నుంచి రైలులో వెళ్లాను. పడమటి వసారా కమానులు అప్పటికే నేలకూలినవి. హాలు మాత్రం నిలిచి ఉన్నది. దాని గోడకు చిన్న కంత పెట్టి మేస్త్రీ జ్ఞానానందం ఆగిపోయాడు.

"ఇవి రెండు గోడలండి. మధ్యలో బెత్తెడు సందు. చూరు కింద గాలి కన్నాలు కూడా ఉన్నాయండి."

చేయి పెట్టి చూశాను. చల్లగా గాలి తగిలింది. ఇటుక పొడిగా, గట్టిగా ఉన్నది. బయటి తేమ లోపలి గోడకు సోకకుండా ఎవరో ఎంతో ఆలోచించి కట్టారు.

"మీరు చూసింది తప్పని ఒక్క ముక్క రాసివ్వండి సార్," అన్నది ఫ్లోరెన్సు. "పెద్దలంతా బాపట్ల మీటింగులో ఉన్నారు. బస్సెక్కి నేనే పట్టుకెళ్తాను."

"కాగితం ఉంటే ఇప్పుడే ఆపుతానండి. ఊరికే ఆపితే నన్నంటారు," అన్నాడు మేస్త్రీ.

కాగితమూ కలమూ జేబులోనే ఉన్నవి. "తప్పు" అన్న మాట దగ్గర చేయి సాగలేదు.

"ఇటువంటివి నిలబడి రాసేవి కావు. కొలతలు తీసుకొని, సోమవారానికి సక్రమమైన అనుబంధ నివేదిక ఇస్తాను," అన్నాను.

"సోమవారానికా అండి? కర్రతో తట్టినప్పుడు అర నిమిషం పట్టింది మీకు."

రెండు రోజులు కూర్చుని రాశాను. "నూతనంగా లభించిన ఆధారాల దృష్ట్యా" అని ప్రారంభించాను. తప్పు అన్న పదం ఎక్కడా రానివ్వలేదు.

సోమవారం ఉదయానికి హాలు ఉన్నచోట సున్నపు పెళ్లల గుట్ట మిగిలింది. ఫ్లోరెన్సు నా చేతిలోని కవరును చూసింది.

"ఎండలో నిలబడకండి సార్, అలా నీడకు..." అంటూ చుట్టూ చూసి, మాట ఆపేసింది.