వెచ్చబెట్టిన దాయిర

పిండి పిసుకుతూ తలెత్తిన మస్తూరకు రొట్టెల తందూరుకు ఆనించి ఉన్న దాయిర డప్పు కనబడింది. ఎవరు పెట్టారని అడగక్కర్లేదు. ఇవాళ పక్కింటి బీబీసారా కూతురు నిగీనా పెళ్ళి. ఈ ఇంట్లో అత్త పోయి పందొమ్మిది రోజులు. నలభై రోజులు దాటేదాకా చావిల్లు ఒప్పుకుంటే తప్ప ఆ సందులో పాట లేవదు. మగవాళ్ళు ఆ సంగతి టీ కొట్టులో మాట్లాడుకుంటారు. ఆడవాళ్ళు మాట్లాడరు. దాయిర తెచ్చి చావింటి తందూరుకు ఆనించి వెళ్ళిపోతారు. ఆ ఇంటి ఆడది తోలు వెచ్చబెట్టి ఇస్తే పాట ఉన్నట్టు. చల్లగా తిరిగొస్తే పెళ్ళికూతురు చప్పుడు లేకుండా గడప దాటాలి.

"చల్లగానే ఇచ్చెయ్యి," అన్నాడు మొగుడు హమ్రా, చెప్పులు విడుస్తూ. "కుదరదని టీ కొట్టులో సందు పెద్దాయనకి పొద్దున్నే చెప్పేశా."

మస్తూర తల్లి బుఖారా పెళ్ళిళ్ళలో పాడిన మనిషి. ముప్పై ఒక్క ఏళ్ళ కింద సారె పరుపుల మధ్య దాయిర పెట్టుకుని కాపురానికొచ్చింది మస్తూర. "ఈ ఇంట్లో చేతులు రొట్టెలకి. వాయించేవాళ్ళు ఊళ్ళో వేరే ఉన్నారు," అంది అత్త. "నా పెళ్ళాం డప్పు కొడితే టీ కొట్టులో నేనెలా కూచోను?" అన్నాడు హమ్రా. ప్రతి పెళ్ళిలో భుజాలెగరేసి ఆడేది మాత్రం అతనే. ఆమె పలావు పళ్ళేలు మోసేది. వేళ్ళు ఊరుకోక పిండి మీద ఆడితే, "పిండిని కొట్టకే, పిసుకు," అనేది అత్త.

అయినా ఈ ఊరి పాటంటే ఆమెకు ఎంతో గొప్ప. గోడ తగాదాతో ఆరేళ్ళు మాటల్లేని రెండిళ్ళ ఆడవాళ్ళు ఒకే గదిలో చప్పట్లు కొట్టడం చూసింది. పాడేవాళ్ళు పాటకీ పాటకీ మధ్య ఆగరు. ఆగితే పగ గుర్తొస్తుందని తల్లి చెప్పేది. మొగుడు పోయి నోరు కట్టేసుకున్న రాబియా ఆ పాటల్లోనే మొదటిసారి బావురుమంది. ఆ రోజే అన్నం తింది. మంచాన పడ్డాక అత్త కూడా అంతే. మూడో ఇంట్లో దాయిర మోగితే దుప్పటి మీద ముసలి వేలు కదిలింది. ఒక్క దెబ్బ తప్పలేదు. కోడలు చూసిందని తెలిసి చెయ్యి దుప్పటి కింద దాచేసుకుంది. ఒకప్పుడు ఆ చేతిని ఎవరు ఆపారో మస్తూర అడగలేదు. అడగాల్సింది.

చేతులు కడుక్కుని దాయిర తీసుకుంది. తందూరు మూతి దగ్గర జానెడు దూరంలో పట్టుకుని మెల్లగా తిప్పింది. దగ్గరైతే తోలు పగులుతుంది. తడి ఆరి తోలు బిగిసింది. లోపలి రింగులు గలగలమన్నాయి. ఒక్క వేలితో కొట్టి చూసింది. గోడ అవతల మాటలన్నీ ఆగిపోయాయి.

"నేను వద్దన్నాక కూడానా?" హమ్రా గుమ్మంలోకొచ్చాడు. "పోయింది మా అమ్మే!"

"నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు ఆమె పక్కనే ఉన్నాను."

"నన్నడిగారు. చెప్పాను. అయిపోయింది."

"మిమ్మల్ని అడిగింది మర్యాదకి. దాయిర మీ టీ బల్ల మీద పెట్టలేదుగా. నా పొయ్యి దగ్గర పెట్టారు."

ఇంతలో బీబీసారా తలుపు తోసుకుని వచ్చింది. "అక్కా, చప్పుడు విన్నాను. నీకు కష్టమైతే వద్దులే. నిగీనా ఏడ్చి ఊరుకుంది. వాయించేవాళ్ళకేం, పలావు తింటూ కూచున్నారు."

దాయిర కోసం చేతులు చాచింది. మస్తూర ఇవ్వలేదు. చంకలో పెట్టుకుంది.

"వాళ్ళని కాస్త జరగమను," అంది.