పుప్పొడి మరక

చిట్టికి నలభై ఆరేళ్లు. పూల కొట్టు పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. అయినా పుట్టింటివాళ్లకు ఆమె ఇంకా చిట్టే. వదిన మాత్రం నలుగురిలో "మా పూలావిడ" అంటుంది. ఆ మాటలో తీపెంతో కారమెంతో చిట్టికి ఇన్నేళ్లలో తేలలేదు.

అన్న కూతురి పెళ్లికి పూల పని చిట్టికి అప్పగించడం వదినకు బొత్తిగా ఇష్టం లేదు. "సొంతవాళ్లకి పనిచ్చాక గట్టిగా అడగడానికీ ఉండదు, నోరు మూసుకోడానికీ ఉండదు" అంది. అన్న పట్టుబట్టాడు. పెళ్లికూతురు తండ్రిని మించిపోయింది. "అత్త చేస్తే పూలు పెట్టండి. లేకపోతే ఉత్త కుర్చీలు చాలు."

అందుకే చిట్టి తెల్లవారకముందే హాలుకు వచ్చి, ఉన్న నేర్పంతా అక్కడ పెట్టింది. మెడ విరిగిన గులాబీలను పారేయకుండా గాజు గిన్నెల్లో నీళ్లమీద తేలేలా వేసింది. బల్లల మధ్య గుడ్డకు బదులు సన్నటి ఆకుల పట్టీ పరిచింది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో తెలిసేలా పిల్లవైపు కుర్చీలకు తెల్ల చామంతులూ, పిల్లాడివైపు కుర్చీలకు నారింజ రంగు చిన్న గులాబీలూ కట్టింది.

పెద్ద తెల్ల లిల్లీలకు ఒక పద్ధతుంది. మొగ్గ విచ్చుకోగానే మధ్యలోని ఆరు పుప్పొడి తలల్నీ వేళ్లతో గిల్లి తీసేయాలి. వదిలేస్తే ఆ ఇటుకరంగు పొడి తగిలిన బట్ట పాడైనట్టే. నీళ్లు పెడితే ఇంకా ముదురుతుంది. విచ్చుకున్నవాటికి చిట్టి ఆ పని చేసేసింది. ఆఖరి బకెట్లోవి అప్పటికి గట్టి మొగ్గలే. వాటిని మెట్లకింద నీడలో పెట్టి, తొమ్మిదిన్నరకు చూద్దామనుకుంది. ఎవరికీ చెప్పలేదు. చీటీ కూడా అంటించలేదు. తొమ్మిదిన్నరకు ఆమె నిచ్చెన మీదుంది.

పదింటికి పైనుంచి మేనకోడలి కేక వినబడింది. "అత్తా!"

చిట్టి మెట్లు రెండేసి ఎక్కి ముస్తాబు గదిలోకి వెళ్లింది. కుర్చీ వీపుమీద మీగడరంగు పట్టు శాలువా ఉంది. వదిన తల్లి తన చేత్తో నేసింది. వదిన తన పెళ్లికి అదే కప్పుకుంది. ఇప్పుడా తల్లి లేదు. కుర్చీ పక్కన, కిటికీ ఎండలో, గాజు కూజాలో ఏడు లిల్లీలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. శాలువా భుజం మీద ఇటుకరంగు చార. దాన్ని వదిన తడిగుడ్డతో రుద్దుతోంది.

"వదినా! తడి చెయ్యొద్దు!"

అప్పటికే ఆలస్యమైంది. చార అరచేయంత మరకైంది.

"ఇప్పుడొచ్చావా తల్లీ!" అంది వదిన. "పుప్పొడి తీస్తా, పుప్పొడి తీస్తా అని ఊరంతా చెప్తావుగా. ఏం తీశావ్? మా అమ్మ ప్రాణం తీశావ్!"

చిట్టి చూపు వదిన చేతిమీద పడింది. తెల్ల రవిక కుడిచేతి అంచున అదే ఇటుకరంగు పొడి. చిట్టి ఆ పూలను పైకి తేలేదు. మెట్లకింద బకెట్లోంచి ఎవరు తీసుకొచ్చారో ఇప్పుడు తెలిసింది. బాగున్నాయని, కూతురి గదిలో ఉండాలని తెచ్చుకుని ఉంటుంది పాపం. ఆ సంగతి వదిన ఇంకా గమనించలేదా, గమనించి కూడా అరుస్తోందా?

అన్న గుమ్మంలోకి వచ్చాడు. "ఏమైంది?"

"మీ చెల్లెలి నిర్వాకం, చూడండి" అంది వదిన.

"చిట్టీ?"

ఒక్క మాట చాలు. వేలెత్తి రవిక అంచు చూపిస్తే ఆ మాట కూడా అక్కర్లేదు. కాని కూతురి పెళ్లిరోజున, కూతురి ఎదుటే, ఆ మనిషి ఆ తర్వాత తలెత్తుకుని మెట్లు దిగగలదా? చిట్టి లోపలే దేవుణ్ణి తలుచుకుంది. 'స్వామీ, ఏం చెప్పమంటావు?' ఎప్పటిలాగే ఆయన పలకలేదు.

"బకెట్లో ఉన్నప్పుడే చూడాల్సింది అన్నయ్యా. చూడలేదు."

అందులో అబద్ధం లేదు. నిజమంతా కూడా లేదు. అది తప్పో ఒప్పో తర్వాత తేల్చుకోవచ్చు.

"ముప్పావు గంటలో మగపెళ్లివాళ్లొచ్చేస్తారు" అన్నాడు అన్న. "పరుగెత్తి ఇంకో శాలువా తెస్తాను."

"అమ్మమ్మది లేకుండా నేను గది దాటను" అంది పెళ్లికూతురు. కళ్ల కాటుక అప్పటికే సగం కరిగింది.

"ఫ్యాను ఆపండి. కిటికీ వెయ్యండి. అన్నయ్యా, నువ్వు కింద మనుషుల్ని చూసుకో" అంది చిట్టి. అంటుకునే టేపు ముక్కలు తెంపి, అద్ది తీసి, అద్ది తీసి, పొడిగా ఉన్నదంతా లేపేసింది. తడిసింది మాత్రం కదల్లేదు.

"దీనిమీద పూలు కుడతాను" అంది.

"పట్టులో సూది దింపుతావా? మా అమ్మ నేసిన దాన్లో?"

"నువ్వు సరేనంటేనే."

గోడగడియారం ముల్లు టక్కుటక్కుమంటోంది. వదిన శాలువాను గుండెలకు హత్తుకుని నిలబడింది. అందులోంచి ఎవరి మాటో వినాలన్నట్టు తల వంచింది. తర్వాత శాలువాను చిట్టికి అందించింది.

"కుట్టు."

చిట్టి కొవ్వొత్తి వెలిగించి, బొత్తాలంత చామంతులకూ నారింజ గులాబీ మొగ్గలకూ కాడలు కురచగా కోసి, కోసిన కొసల్ని కరిగిన మైనంలో ముంచింది. రసం కారితే ఇంకో మరక తయారు. శాలువా లోపలివైపు పల్చటి గుడ్డ వేసి, పోగు తెగకుండా నేత సందుల్లోంచి సూది పోనిచ్చింది. వదిన రెండు చేతులతో బట్టను బిగువుగా పట్టుకుంది. ఇద్దరి తలలూ తగిలేంత దగ్గరగా ఉన్నాయి.

"జాగ్రత్త" అంది వదిన.

"ఊఁ."

ఒక మొగ్గ కాడ నుంచి తేమ ఊరింది. చిట్టి చప్పున లాగేసి కొంగుతో పట్టుకుంది. ఇద్దరూ వంగి బట్ట చూశారు. ఏమీ కాలేదు.

"అత్తా, వాడిపోవు కదా?"

"వీటి పూచీ నాది. మీ ఆయన ముఖం వాడిపోకుండా చూసుకోవడం నీ పని."

పెళ్లికూతురు ఏడుపు మధ్యలో నవ్వింది.

కింద కారు తలుపులు మూసిన చప్పుడైంది. చిట్టి ఆఖరి ముడి వేసి దారం కొరికింది. శాలువా కప్పేసరికి భుజం మీంచి తెలుపూ నారింజా కలిసి జారినట్టుంది. మొగ్గల సందున కనిపించే మరక వాటి నీడలా ఉంది. అన్న తలుపు తీసి చూసి, "ముందే ఇలా చెయ్యకపోయారా!" అన్నాడు. కూతురి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు.

వెనకే వదిన కదిలింది.

"వదినా, ఆగు."

చిట్టి మిగిలిన చామంతులు మూడు ఏరి, వదిన కుడిచెయ్యి పట్టుకుని, రవిక అంచుమీద పెట్టి పిన్నీసు గుచ్చింది. ఇటుకరంగు పొడి కనబడకుండా పోయింది. వదిన పూలు కాస్త ఎత్తి రవిక అంచు చూసుకుంది. తర్వాత చిట్టిని చూసింది. వదిన ముఖంలో రంగు మారింది. కింద నుంచి ఎవరో "పెళ్లికూతురి అమ్మగారేరీ?" అని పిలుస్తున్నారు.

వదిన చెయ్యి వెనక్కి లాక్కోలేదు. ఎడమచెయ్యి కూడా చాచింది.

"దీనికీ పెట్టు. ఒక్కదానికే ఉంటే అందరూ దాన్నే చూస్తారు."

చిట్టి ఇంకో మూడు పూలు తీసుకుని, కాడలకు మైనం ఉందో లేదో వేలితో చూసింది.